యూ0159: పార్కింగ్ అసిస్ట్ మాట ఎక్కడ తెగింది

మీ కారులో యూ0159 అనే తప్పు కోడ్ పడి, పార్కింగ్ అసిస్ట్ (రివర్స్ చేసేటప్పుడు అడ్డం ఉంటే బీప్ చేసే ఏర్పాటు) ఆగిపోతుంటే, నేను తిరిగిన చోట్లన్నీ మీరూ తిరగక్కర్లేదని ఇది రాస్తున్నాను. కొలతలన్నీ కొలిచినప్పుడే కాగితం మీద రాసుకున్నవి. ఖర్చు, గంటలు ఏ దశకు ఆ దశ కూడి పెట్టాను. పనికిరాని పనులూ ఇందులోనే ఉన్నాయి, ఎందుకంటే నా టైమంతా వాటికే పోయింది.

కారు 2016 మోడల్ డీజిల్ సెడాన్, పై వేరియంట్. ముందు నాలుగు, వెనక నాలుగు సెన్సర్లు. పార్కింగ్ మాడ్యూల్ (ఈ సెన్సర్లను నడిపే ఎలక్ట్రానిక్ డబ్బా) డిక్కీలో ఎడమ పక్క లైనింగ్ వెనక ఉంటుంది. మన దేశంలో 2019 జూలై 1 నుంచి కొత్త కార్లన్నిటికీ వెనక పార్కింగ్ సెన్సర్లు తప్పనిసరి చేశారు. ఆ తర్వాత వచ్చిన చిన్న కార్లు కొన్నింటిలో ఈ పని చిన్న బజర్ డబ్బాతోనే సరిపెట్టారు. నా కారులో మాత్రం విడిగా ఒక మాడ్యూల్ ఉండి, క్యాన్ వైర్ల (మాడ్యూళ్ళు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే వైర్లు) మీద మీటర్ బోర్డుతోనూ, లైట్లు, తాళాలు లాంటివి చూసుకునే బాడీ కంట్రోల్ మాడ్యూల్‌తోనూ మాట్లాడుతుంది. మీది ఏ రకమో ముందు తెలుసుకోండి, లేకపోతే కింద రాసినవి సగం మీకు వర్తించవు.

తప్పు ఎలా కనిపించేదంటే, రివర్స్ వేయగానే బీప్ మామూలుగా మొదలయ్యేది, రెండు మూడు సెకన్లకు ఒక పొడుగు బీప్ వచ్చి, మీటర్‌లో పార్కింగ్ అసిస్ట్ పనిచేయడం లేదని మెసేజ్ పడేది. పగలు పదిసార్లు రివర్స్ వేస్తే మూడుసార్లు, రాత్రయితే ఏడెనిమిది సార్లు. ఈ పగలూ రాత్రీ తేడా మొదటి రోజే నోట్‌బుక్‌లో రాసుకున్నాను. దాని అర్థం నాలుగు వారాల తర్వాత గానీ తెలియలేదు.

దశ 1: స్కానింగ్ (ఆగస్టు 16, శనివారం)

నా దగ్గరున్న బ్లూటూత్ అడాప్టర్ ఇంజన్ కోడ్లు తప్ప ఇంకేమీ చదవలేదు. చవక అడాప్టర్లతో ఇదే చిక్కు, ఇంజన్‌లో తప్పేమీ లేదు కాబట్టి "కోడ్లు లేవు" అని చూపించి ఊరుకుంటాయి. ఆటోనగర్‌లో తెలిసిన ఎలక్ట్రీషియన్ దగ్గర అన్ని మాడ్యూళ్ళూ చదివే స్కానర్ ఉంటే అక్కడికి తీసుకెళ్ళాను.

వచ్చినవి ఇవి:

1. మీటర్ బోర్డులో: యూ0159, హిస్టరీ (అంటే ఇంతకుముందు వచ్చి పోయిన తప్పు).
2. బాడీ కంట్రోల్ మాడ్యూల్‌లో: యూ0159, హిస్టరీ.
3. పార్కింగ్ మాడ్యూల్‌లో: యూ3003-16, హిస్టరీ.

యూ అక్షరంతో మొదలయ్యేవి నెట్‌వర్క్ కోడ్లు. యూ0159 అంటే పార్కింగ్ అసిస్ట్ మాడ్యూల్‌తో మాట తెగిపోయిందని మిగతా మాడ్యూళ్ళు చేసిన ఫిర్యాదు. ఫోన్ ఎత్తలేదని చెప్పడం లాంటిదే అది. ఎత్తాల్సినవాడు ఇంట్లో లేడా, ఫోన్ పాడైందా, కరెంటు పోయిందా అన్నది ఆ కోడ్ చెప్పదు.

మూడోదే అసలు ఆధారం. యూ3003 బ్యాటరీ వోల్టేజ్ కోడ్, చివర 16 ఉంటే వోల్టేజ్ ఉండాల్సిన దానికంటే తగ్గిందని. మాడ్యూల్ తన నోటితో తాను చెప్పుకున్న మాట అదొక్కటే. "బ్యాటరీ పాతదైంది కదన్నా, స్టార్ట్ చేసేటప్పుడు పడుంటుందిలే" అన్నాడు ఆ ఎలక్ట్రీషియన్. బ్యాటరీకి నాలుగేళ్ళు నిండాయి, నాకూ నిజమే అనిపించింది. కొలిస్తే ఇంజన్ ఆపి 12.5 వోల్టులు, స్టార్టింగ్‌లో 10.2 దాకా దిగి లేచింది. బ్యాటరీ బాగానే ఉందన్నమాట. అలా తేలాక మరి ఆ కోడ్ ఎందుకు పడిందని అడగాల్సింది. అడగకుండా ముందుకు వెళ్ళాను.

ఇంకొకటి, స్కానర్ పెట్టినంతసేపూ పార్కింగ్ మాడ్యూల్ చక్కగా జవాబిచ్చింది. రివర్స్ వేసి చూశాం, అప్పుడూ ఇచ్చింది. హ్యాండ్ బ్రేక్ వేసి ఉంది, బ్రేక్ పెడల్ మీద ఎవరి కాలూ లేదు. ఈ చివరి వాక్యం గుర్తుంచుకోండి.

అప్పటికే షోరూంలో అడిగితే మాడ్యూల్ మార్చాలని 18,400 చెప్పారు. యూ0159 కనబడగానే మాడ్యూల్ రేటు చెప్పడం తప్ప ఒక్క కొలతా తీసుకోలేదు, నాకు కోపం వచ్చింది అక్కడే.

ఇప్పటిదాకా: 500 రూపాయలు, 2 గంటలు.

దశ 2: సెన్సర్లు (ఆగస్టు 24)

ఇది చేయకుండా ఉండాల్సింది. సెన్సర్ పోతే మాడ్యూల్ బతికే ఉండి, ఫలానా సెన్సర్ పోయిందని బీ అక్షరంతో మొదలయ్యే కోడ్ వేస్తుంది. మాడ్యూల్ మాటే తెగిపోవాలంటే సెన్సర్లలో షార్ట్ వచ్చి, మాడ్యూల్‌కు అందే కరెంటునే లాగేయాలి. నేను ఆ అనుమానంతోనే మొదలుపెట్టాను.

1. రివర్స్‌లో పెట్టి ఒక్కో సెన్సర్ మీద వేలు ఆనించాను. పనిచేసే సెన్సర్ సన్నగా టిక్ టిక్‌మంటుంది, వేలికి తెలుస్తుంది. నాలుగూ అన్నాయి.
2. బంపర్ విప్పి కప్లర్లు చూశాను. మట్టి తప్ప తుప్పు లేదు.
3. ఒక్కొక్కటే పీకి నడిపి చూశాను. పీకిన సెన్సర్‌కు బీ కోడ్ పడింది, యూ0159 ఎప్పటిలాగే వచ్చి పోతూ ఉంది.

బంపర్ క్లిప్పులు రెండు విరిగాయి. పాత డబ్బాలో ఉన్నవి వేశాను.

ఇప్పటిదాకా: 500 రూపాయలు, 6 గంటలు.

దశ 3: పాత మాడ్యూల్ కొని వేయడం (ఆగస్టు 30, 31)

షోరూం రేటు చూశాక 3,200కు పాతది దొరుకుతోందంటే ఆగలేకపోయాను. పార్ట్ నంబరులో చివరి అక్షరం వేరు. కప్లర్ ఒకటే, సరిగ్గా కూర్చుంది. వేయగానే ముందు సెన్సర్లు లేవన్నట్టు ప్రవర్తించింది, అది ముందు సెన్సర్లు లేని వేరియంట్‌దట. కోడింగ్ మార్చితే తప్ప ఈ కారుకు కుదరదు. అయినా నాకు కావలసిన జవాబు దొరికింది, ఎందుకంటే ఆ రాత్రి అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో రివర్స్ చేస్తుంటే అదే పొడుగు బీప్, అదే మెసేజ్. రెండు వేర్వేరు మాడ్యూళ్ళు ఒకే రకంగా చావవు. తప్పు మాడ్యూల్ బయట ఉంది.

నా మాడ్యూల్ తిరిగి పెట్టేశాను. షాపువాళ్ళు పాతదాన్ని 2,000కు వెనక్కి తీసుకున్నారు, అది చివర్లో తీసేస్తాను.

ఇప్పటిదాకా: 3,700 రూపాయలు, 9.5 గంటలు.

దశ 4: క్యాన్ వైర్లు (సెప్టెంబరు 7)

క్యాన్ అంటే ఒకదానికొకటి మెలివేసిన రెండు వైర్లు, హై, లో. హైస్పీడ్ క్యాన్‌లో రెండు చివర్లా 120 ఓముల రెసిస్టర్ ఒక్కోటి ఉంటుంది. రెండూ కలిపి హైకీ లోకీ మధ్య కొలిస్తే 60 దగ్గర రావాలి. 120 వస్తే ఒక చివర తెగింది, సున్నాకు దగ్గరగా వస్తే రెండు వైర్లూ ఒకదానికొకటి తగులుతున్నాయి.

మొదట నేను చేసిన తప్పు, బ్యాటరీ తీయకుండా కొలవడం. 42 చూపింది, తర్వాత 78, తర్వాత మైనస్ అంకె. వైరు మీద మాడ్యూళ్ళు మాట్లాడుకుంటూ ఉంటే ఓముల కొలతకు అర్థం ఉండదు. అర్ధగంట టెన్షన్ పడ్డాక తెలిసింది. సరైన వరస ఇది:

1. బ్యాటరీ నెగటివ్ తీసి పది నిమిషాలు ఆగండి.
2. ఓబీడీ కప్లర్‌లో (స్కానర్ తగిలించే చోటు) 6, 14 పిన్నుల మధ్య ఓములు కొలవండి. నాకు 60.3 వచ్చింది.
3. మధ్యలో గేట్‌వే (క్యాన్ వైర్లను భాగాలుగా విడదీసే మాడ్యూల్) ఉన్న కార్లలో ఓబీడీ దగ్గర కొలత డిక్కీ దాకా వెళ్ళదు. అందుకని పార్కింగ్ మాడ్యూల్ కప్లర్ పీకి, అందులోని రెండు క్యాన్ పిన్నుల మధ్య కూడా కొలవండి. నాకు 60.8.
4. బ్యాటరీ తగిలించి, ఇగ్నిషన్ ఆన్ చేసి, అవే పిన్నుల దగ్గర ఎర్త్‌తో (కరెంటు బాడీ మీదుగా బ్యాటరీ నెగటివ్‌కు తిరిగి వెళ్ళే దారి) వోల్టేజ్ చూడండి. నాకు హై 2.65, లో 2.35. రెండూ కలిపితే 5కు దగ్గరగా ఉండాలి.

వైరు మీద ఇన్సులేషన్‌ను పిన్నుతో పొడవొద్దు, కప్లర్ వెనక నుంచి సన్నటి పిన్ను దూర్చండి. ఆ పిన్నుల సెట్ 180 పడింది. క్యాన్ వైర్ల మీద బల్బు టెస్టర్ అసలు పెట్టొద్దు, అది లాగే కరెంటుకు మాడ్యూల్‌లో చిప్ పోయే ప్రమాదం ఉంది.

క్యాన్ వైర్లు రెండూ బాగున్నాయి. తర్వాత సప్లై, ఎర్త్ చూశాను, ఇక్కడే రెండో తప్పు. ఇగ్నిషన్ ఆన్‌లో సప్లై పిన్ను దగ్గర 12.3, బాగుంది. ఎర్త్ వైరుకు మీటర్‌ను బీప్ మోడ్‌లో పెట్టి, ఒక కొస నల్ల వైరు పిన్నుకు, ఇంకో కొస బాడీకి ఆనించాను. బీప్ అంది. ఎర్త్ బాగుందని టిక్కు పెట్టేశాను. స్క్రీన్ మీద అంకె చూడలేదు. చాలా మీటర్లు 30, 40 ఓములున్నా బీప్ అంటాయి. అంటే ఆ బీప్ చెప్పింది వైరు ఉందని, అంతే.

ఇప్పటిదాకా: 3,880 రూపాయలు, 14 గంటలు.

దశ 5: వాచ్‌మన్ చెప్పిన మాట (సెప్టెంబరు 13, 14)

శనివారం రాత్రి సెల్లార్‌లో కారు వెనక్కి తీస్తుంటే మా వాచ్‌మన్ బాబాయి వెనక నిలబడి చెయ్యి ఊపుతున్నాడు. ఆగాక దగ్గరికొచ్చి, "ఎడం పక్క లైట్లన్నీ గుడ్డిగా వెలుగుతున్నాయి బాబూ, బ్రేకు కొడితే ఇంకా మసకైపోతన్నాయి, బల్బులు మార్పించుకోండి" అన్నాడు.

బల్బు పాతదైతే ఒక్కటి మసకవుతుంది. బ్రేక్ నొక్కితే మిగతావి కూడా మసకయ్యాయంటే అవన్నీ ఒకే ఎర్త్ మీద ఉన్నాయి, ఆ ఎర్త్ సరిగ్గా లేదు. నేను డ్రైవర్ సీట్లో కూర్చుని నెల రోజులు వెతికినది ఆయనకు వెనక నుంచి ఒక్కసారికే కనిపించింది. దిగి చూశాను. కుడి పక్క ఎర్రగా, నిండుగా ఉంది. ఎడమ పక్క బల్బులో తీగె నారింజ రంగులో వణుకుతోంది.

మర్నాడు పొద్దున్నే కొలిచాను. మాడ్యూల్ తగిలించే ఉంచి, నల్ల వైరు పిన్ను వెనక నుంచి మీటర్ ఎర్ర కొస, నల్ల కొసకు పొడుగు వైరు కట్టి బ్యాటరీ నెగటివ్‌కు. ఎర్త్ బాగుంటే ఇది సున్నాకు దగ్గరగా ఉండాలి. ఇంజన్ ఆన్‌లో ఉంది, బ్యాటరీ దగ్గర 14.1. సీట్లో మా ఆవిడ కూర్చుని నేను చెప్పినట్టు వేసింది:

1. ఊరికే: 0.21 వోల్టులు
2. రివర్స్: 3.2
3. రివర్స్, బ్రేక్: 5.4
4. రివర్స్, బ్రేక్, పార్కింగ్ లైట్లు: 5.9

నాలుగోది చూసి మళ్ళీ కొలవమన్నాను. మళ్ళీ 5.9.

లెక్క ఇలా ఉంది. ఎడమ టెయిల్ ల్యాంప్‌లో రివర్స్ బల్బు 21 వాట్లు, బ్రేక్ 21, టెయిల్ 5. ఇవన్నీ, పార్కింగ్ మాడ్యూల్ కూడా, ఒకే బోల్టు దగ్గర ఎర్త్ అవుతాయి. ఆ బోల్టు దగ్గర రెసిస్టెన్స్ 1.8 ఓముల చిల్లర ఉంటే, బల్బులు కరెంటు లాగిన కొద్దీ ఎర్త్ వోల్టేజ్ పైకి లేస్తుంది. ఎర్త్ 5.4 దగ్గరుంటే మాడ్యూల్‌కు నిజంగా అందేది 14.1లో 5.4 పోగా 8.7. అంతకు దిగితే మాడ్యూల్ మాట్లాడడం మానేస్తుంది, యూ3003-16 రాసుకుంటుంది. పైగా క్యాన్ మీద అది పంపే 2.5 వోల్టులు తన ఎర్త్ నుంచి కొలుచుకుని పంపేవి. తన ఎర్త్ 5 లేచి ఉంటే మిగతా మాడ్యూళ్ళకు అవి 7.5 దాకా కనబడతాయి. హైస్పీడ్ క్యాన్ రిసీవర్లు తట్టుకోవాల్సిన పరిధి పాత ప్రమాణంలో మైనస్ 2 నుంచి 7 దాకా. ఏ వైపు నుంచి చూసినా మాట తెగాల్సిందే.

రాత్రి ఎక్కువ ఎందుకో కూడా అప్పుడే తెలిసింది, టెయిల్ బల్బు తోడవుతుంది. ఆటోనగర్‌లో ఎందుకు రాలేదంటే బ్రేక్ పెడల్ మీద కాలు లేదు. రోడ్డు మీద రివర్స్ చేసేవాళ్ళెవరూ బ్రేక్ మీద కాలు లేకుండా చేయరు.

ఖాయం చేసుకోవడానికి మాడ్యూల్ కప్లర్ పీకి, 21 వాట్ల బల్బు హోల్డర్‌కు రెండు వైర్లు కట్టి, మధ్యలో 5 ఆంపియర్ల ఫ్యూజ్ పెట్టి, ఒకటి బ్యాటరీ పాజిటివ్‌కు, ఇంకోటి నల్ల వైరు పిన్నుకు ఇచ్చాను. ఇంజన్ ఆపి, 12.4 వోల్టుల మీద. బల్బు ఎర్రగా వెలిగింది, ఎర్త్ వైరు మీద 2.8 పోయింది. అదే బల్బును బాడీ మీద మంచి చోట ఆనిస్తే కళ్ళు చెదిరేట్టు వెలిగింది. బల్బు, హోల్డర్ కలిపి 60 రూపాయలు. మొదటి వారం ఈ బల్బు ఉండుంటే మాడ్యూల్ కొనేవాణ్ణి కాదు.

ఇప్పటిదాకా: 3,940 రూపాయలు, 16 గంటలు.

దశ 6: విప్పడం, బాగుచేయడం (సెప్టెంబరు 21)

నల్ల వైరు వెంట పోతే ఎడమ టెయిల్ ల్యాంప్ కిందుగా, లోపలి రేకు మీద ఒక బోల్టు దగ్గర తేలింది. 10 నంబరు స్పానర్. బోల్టు తల చూడటానికి బాగానే ఉంది, బిగువుగానే ఉంది. తీశాక లగ్గు (వైరు చివర బోల్టుకు బిగించే రింగు) కింద తెల్లటి పొడి, దాని అంచున పచ్చటి చిలుము, చుట్టూ పెయింట్ పొక్కులు లేచి గోరు పెడితే పెచ్చులుగా వచ్చింది. వైరును కొంచెం వంచితే లగ్గు మెడ దగ్గర రాగి తీగలు నల్లబడి టప్‌టప్‌మని తెగాయి. మిగిలినవి ఏడో ఎనిమిదో. బీప్ వచ్చింది వాటి పుణ్యానే.

మాది విజయవాడ సింగ్‌నగర్ వైపు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు కారు రెండు రోజులు నీళ్ళలోనే ఉంది. చిలుము చూడగానే వరద పనే అనుకున్నాను. కానీ డిక్కీ గుంటలో ఎండిన ఒండ్రు గీత ఇంకా ఉంది, అది బోల్టుకు నాలుగు వేళ్ళు కిందే ఆగింది. వరద నీళ్ళు బోల్టును తాకలేదు. మరి నీళ్ళు ఎక్కడివి? టెయిల్ ల్యాంప్ బిగించి, పైనుంచి మగ్గుతో నీళ్ళు పోస్తూ లోపల టార్చ్ వేసి చూశాను. మూడో మగ్గుకు ల్యాంప్ మీది మూల నుంచి ఒక చుక్క వచ్చి, వైర్ల కట్ట పట్టుకుని నెమ్మదిగా జారి, కట్ట వంపు తిరిగిన చోట ఒక్క క్షణం ఆగి, సరిగ్గా బోల్టు మీద పడింది. ల్యాంప్ వెనక స్పాంజి గాస్కెట్ అప్పడంలా అణిగిపోయి ఉంది. ఇది పట్టుకోకుండా లగ్గు ఒక్కటే మార్చి ఉంటే వచ్చే వానాకాలానికి మళ్ళీ ఇక్కడికే వచ్చేవాణ్ణి.

చేసిన పని:

1. బ్యాటరీ నెగటివ్ తీశాను.
2. లగ్గు కోసేసి, వైరును రాగి మెరిసేదాకా వెనక్కి ఒలిచాను. రెండున్నర అంగుళాలు పోయింది, అందుకని అదే మందం ముక్క ఒకటి జోడించాను.
3. కొత్త రింగ్ లగ్గు క్రింపింగ్ ప్లయర్‌తో నొక్కి, జిగురున్న హీట్‌ష్రింక్ వేశాను. మామూలు కటింగ్ ప్లయర్‌తో నొక్కితే చాలదు, లాగితే ఊడొస్తుంది.
4. రేకును ఎమరీ పేపర్‌తో తెల్లగా మెరిసేదాకా గీకాను, లగ్గు ఆనేంత మేరే.
5. పళ్ళ వాషర్ వేసి బోల్టు బిగించి, పైన వ్యాజిలిన్ పూశాను. బిగించకముందు పూయలేదు.
6. గీకిన చోటు చుట్టూ ప్రైమర్ పూశాను, తుప్పు పాకకుండా.
7. టెయిల్ ల్యాంప్ గాస్కెట్ కొత్తది వేశాను.
8. వైర్ల కట్టను టై వేసి, వంపు బోల్టుకు పక్కగా వచ్చేట్టు తిప్పాను.

లగ్గు, హీట్‌ష్రింక్ 90, కాంటాక్ట్ క్లీనర్ 340, గాస్కెట్ 220. ప్రైమర్, ఎమరీ ఇంట్లోవే.

బాగుచేశాక అవే కొలతలు, అదే వరసలో, ఇంజన్ ఆన్:

1. ఊరికే: 0.01
2. రివర్స్: 0.02
3. రివర్స్, బ్రేక్: 0.04
4. రివర్స్, బ్రేక్, పార్కింగ్ లైట్లు: 0.05

ఆటోనగర్ వెళ్ళి కోడ్లు చెరిపించుకున్నాను, ఎలక్ట్రీషియన్ డబ్బు తీసుకోలేదు. ఆ బల్బు టెస్ట్ ఎలా చేశానో మాత్రం రెండుసార్లు చెప్పించుకుని, నా హోల్డర్ ఫోటో తీసుకున్నాడు.

మొత్తం: 4,590 రూపాయలు, మాడ్యూల్ వెనక్కిచ్చిన 2,000 పోగా 2,590. 19 గంటలు. ఇందులో తప్పును నిజంగా బాగుచేయడానికి అయినది 650 రూపాయలు, 3 గంటలు.

అక్టోబరు 12

మూడు వారాలు. రివర్స్ వేసిన ప్రతిసారీ గీత పెట్టుకుంటూ వచ్చాను, ఇవాళ్టికి 71 గీతలు, ఒక్కసారీ మెసేజ్ పడలేదు. మధ్యలో రెండు పెద్ద వానలు కురిశాయి. డిక్కీ లైనింగ్ ఎత్తి బోల్టు చుట్టూ టిష్యూ కాగితం ఒత్తి చూశాను, పొడిగానే ఉంది. నాలుగో కొలత ఇంకా 0.05 దగ్గరే ఉంది.

కుడి టెయిల్ ల్యాంప్ ఎర్త్ కూడా కొలిచాను. లైట్లన్నీ వేసి, బ్రేక్ నొక్కితే 0.38 వచ్చింది. ఆ పక్కకు కూడా గాస్కెట్ తెప్పించమని చెప్పాను, రాగానే విప్పుతాను.